జన్యు పరీక్షలో ‘వీయూఎస్’ వచ్చిందా? నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి హైదరాబాద్ వచ్చే కుటుంబాలతో జెనెటిక్ కౌన్సెలర్‌గా మాట్లాడుతుంటాను. జన్యు పరీక్ష రిపోర్ట్ చేతికొచ్చాక చాలామందిని కంగారు పెట్టేది అందులోని ఒక వాక్యం: ‘వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్’. పొట్టిగా వీయూఎస్ అంటారు. వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలే ఇక్కడ రాశాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. వీయూఎస్ ఒక్కదాన్ని పట్టుకుని, తర్వాత వెనక్కి తీసుకోలేని పని ఏదీ చేయొద్దు. గర్భం తీయించుకోవడం, అవయవం తీయించుకోవడం, కుదిరిన పెళ్లి వదులుకోవడం, ఇవేవీ వద్దు. అలాగని ఆ రిపోర్ట్‌ను పారేయనూ వద్దు.

వీయూఎస్ అంటే మా బిడ్డకు జబ్బు ఉన్నట్టా, లేనట్టా?

రెండూ కాదు. ఒక జన్యువులో అక్షరం మారింది, ఆ మార్పు వల్ల హాని ఉందో లేదో చెప్పడానికి ఈ రోజుకు ఆధారాలు చాలవు అని అర్థం. సాక్షులు సరిపోక వాయిదా పడిన కేసు లాంటిది. నేరం రుజువు కాలేదు, నిర్దోషి అని తీర్పూ రాలేదు.

మనిషి జన్యు సమాచారం దాదాపు 300 కోట్ల అక్షరాలు. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా అందులో లక్షల చోట్ల తేడాలుంటాయి. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇదే పరీక్ష చేసినా కొన్ని వీయూఎస్‌లు బయటపడతాయి. నాకు చేసినా పడతాయి, మీ డాక్టరుగారికి చేసినా పడతాయి.

రిపోర్ట్‌లో ‘లైక్లీ పాథోజెనిక్’, ‘బినైన్’ అని కూడా కనిపిస్తున్నాయి. అవేంటి?

మొత్తం ఐదు మెట్లు. పాథోజెనిక్ అంటే హానికరం, లైక్లీ పాథోజెనిక్ అంటే చాలావరకు హానికరం. నడిమి మెట్టు వీయూఎస్. ఆ తర్వాత లైక్లీ బినైన్, అంటే చాలావరకు హాని లేనిది, చివరికి బినైన్, హాని లేనిది. అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర కాలేజీ, మాలిక్యులర్ పాథాలజీ సంఘం కలిసి 2015లో ఇచ్చిన నియమాలివి. మన దేశంలోని ల్యాబ్‌లూ వీటినే పాటిస్తున్నాయి.

‘లైక్లీ’ అన్న మాట వాడాలంటే ఆ వైపు 90 శాతానికి పైగా నమ్మకం కుదరాలి. హానికి అవకాశం 10 నుంచి 90 శాతం మధ్య ఎక్కడున్నా అది వీయూఎస్ కిందికే వస్తుంది. అందుకే ఒక వీయూఎస్, ఇంకో వీయూఎస్ ఒకటి కావు. ఒకటి హాని లేని గట్టుకు దగ్గర్లో ఉంటుంది, ఇంకొకటి ఒక్క ఆధారం దొరికితే చాలు, హానికరం అయిపోతుంది. మీది ఏ వైపు ఉందో డాక్టరును తప్పకుండా అడగండి. చాలామంది ఈ ఒక్క ప్రశ్న అడక్కుండానే తిరుగు బస్సు ఎక్కేస్తారు.

ఇన్ని వేలు పెట్టి చేయించిన టెస్ట్‌లో ‘తెలియదు’ అని ఎట్లా ఇస్తారు?

మీ కోపం నాకు అర్థమవుతుంది. అప్పు చేసి పరీక్ష చేయించిన వాళ్లను రోజూ చూస్తాను. అయితే మిషన్ పని అక్షరాలు చదవడం వరకే. మారిన అక్షరానికి అర్థం చెప్పడం మనుషుల పని, దానికి రకరకాల ఆధారాలు కావాలి. ఈ మార్పు మామూలు జనంలో ఎంతమందికి ఉంది? ఇదే జబ్బున్న వేరే కుటుంబాల్లో ఎవరికైనా కనిపించిందా? మీ ఇంట్లో జబ్బు ఉన్నవాళ్లందరికీ ఉండి, లేనివాళ్లకు లేదా? ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పనితీరు దెబ్బతిన్నట్టు ప్రయోగశాలలో ఎవరైనా చూపించారా? 2015 నియమాల్లో ఇలాంటి కొలతలు 28 ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి తూచాకే మెట్టు నిర్ణయిస్తారు.

తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడం ల్యాబ్ నిజాయితీ. తొందరపడి ‘పాజిటివ్’ అని రాసే ల్యాబ్ కన్నా ‘ఇంకా తేలలేదు’ అని రాసే ల్యాబ్‌నే నేను నమ్ముతాను.

మన ప్రాంతం వాళ్లకు వీయూఎస్‌లు ఎక్కువ వస్తాయంటారు. నిజమేనా?

నిజమే. లోపం మన రక్తంలో లేదు, లెక్కల్లో ఉంది.

ఒక మార్పు జనంలో ఎంత మామూలో చూడటానికి నోమ్యాడ్ లాంటి అంతర్జాతీయ డేటాబేస్‌లు వాడతారు. వాటిలో యూరప్ మూలాల వాళ్లే ఎక్కువ. దక్షిణాసియా వాళ్ల వాటా తక్కువ, అందులో దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ లాంటి చోట్ల ఉండే సముదాయాల వాటా ఇంకెంత ఉంటుంది! మన దగ్గర ఒక సముదాయంలో యాభై మందిలో ఒకరికి ఉండే హాని లేని మార్పు కూడా ఆ డేటాబేస్‌లో అసలు లేకపోవచ్చు. ‘ఎక్కడా కనిపించని అరుదైన మార్పు’ అని దాని మీద అనుమానం పడుతుంది. నిజానికి మన వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

పరిస్థితి మారుతోంది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ చేపట్టిన ఇండిజెన్ అనే ప్రాజెక్టులో వెయ్యికి పైగా భారతీయుల జన్యు సమాచారం చదివారు. ఆ తర్వాత జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 జనసముదాయాల నుంచి దాదాపు 10,000 మంది సమాచారాన్ని సేకరించి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. మీ రిపోర్ట్ అంతకన్నా పాతదైతే, భారతీయ డేటాతో మళ్లీ సరిచూడమని అడగడం న్యాయమైన కోరిక.

మన దగ్గరి డేటా ఎందుకు కావాలో చెప్పడానికి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల పని ఒక్కటి చాలు. ఎంవైబీపీసీ3 అనే గుండె కండరాల జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు ఒకటి ఉంది. దక్షిణాసియాలో వందకు సుమారు నలుగురిలో అది ఉందని, గుండె కండరాల జబ్బుతో దానికి సంబంధం ఉందని 2009లో వాళ్లు, ఇతర దేశాల సహచరులు కలిసి ప్రచురించారు. యూరప్ డేటాను ఎంత వెతికినా దొరకని విషయం ఇది. తర్వాత 2018, 2020లో వచ్చిన అధ్యయనాలు ఇంకో సంగతి చెప్పాయి. ఆ మార్పు ఉన్నవాళ్లలో కొద్దిమందికి అదే జన్యువులో మరో మార్పు కూడా ఉంటుందని, అసలు ప్రమాదం ఎక్కువగా ఆ రెండో మార్పుదేనని తేలింది. కోట్లాది మందిలో ఉన్న మార్పు గురించి సరైన మాట చెప్పడానికే పదేళ్లు పట్టింది. మీ ఒక్క కుటుంబంలో కనిపించిన మార్పు గురించి ఒక్క రిపోర్ట్‌తో ఎలా తేలుతుంది?

మాది మేనరికం. బాబుకు ‘హోమోజైగస్ వీయూఎస్’ అని వచ్చింది. రెండు వైపుల నుంచీ వచ్చిందంటే ఇక జబ్బు ఖాయమేనా?

ఖాయం కాదు. ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో మేనమామను చేసుకున్న వాళ్లూ, మేనత్త కొడుకును చేసుకున్న వాళ్లూ ఇంకా చాలామంది ఉన్నారు.

రిసెసివ్ అనే రకం జబ్బుల్లో, ఒక జన్యువుకు తల్లి నుంచి వచ్చిన కాపీ (ప్రతి), తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ చెడితేనే జబ్బు వస్తుంది. బావమరదళ్ల బిడ్డలో జన్యు సమాచారం సగటున పదహారో వంతు రెండు వైపులా అచ్చం ఒకేలా ఉంటుంది. మేనమామ, మేనకోడళ్ల బిడ్డలో అది ఎనిమిదో వంతు. ఆ భాగంలో ఏ మార్పు ఉన్నా అది రెండు ప్రతుల్లోనూ కనిపిస్తుంది, హాని చేసేదైనా, చేయనిదైనా. కాబట్టి మేనరికం బిడ్డ రిపోర్ట్‌లో హోమోజైగస్ వీయూఎస్‌లు ఉండటం ముందే ఊహించాల్సిన విషయం. అది హోమోజైగస్ అయినంత మాత్రాన దోషి అని తేల్చలేం.

అసలు తూకం వేసేది బాబు లక్షణాలు. రిపోర్ట్‌లో ఉన్న జన్యువుకు, బాబుకు ఉన్న ఇబ్బందికి పొంతన కుదిరిందా? కండరాల బలహీనతతో వచ్చిన పిల్లాడికి కంటి జబ్బు జన్యువులో వీయూఎస్ ఉందంటే దాన్ని పక్కన పెట్టొచ్చు. కండరాల జన్యువులోనే ఉంటే లోతుగా చూడాలి. కొన్నిసార్లు కండరం ముక్క తీసి ఆ ప్రొటీన్ ఉందో లేదో చూస్తారు. లేదని తేలితే వీయూఎస్ పైమెట్టుకు ఎక్కే అవకాశం ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ రిపోర్ట్ చూసి కోడలిని, ఆమె పుట్టింటి వాళ్లను తప్పుపట్టడం నా కళ్లముందే జరుగుతుంది. మార్పు ఇద్దరి నుంచీ వచ్చింది. ఎవరి తప్పూ లేదు.

మాది మేనరికం కాదు, బయటి సంబంధమే. మాకెందుకు వచ్చింది?

ఊరు వేరైనా కులం ఒకటే కదా? తరతరాలుగా ఒకే సముదాయంలో పెళ్లిళ్లు జరిగితే పాత పూర్వీకుడి మార్పు ఒకటి చాలా ఇళ్లకు చేరుతుంది. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలిస్తే, 81 సముదాయాల్లో ఈ ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకన్నా, యూరప్ మూలాల అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉంది. అందుకే కౌన్సెలర్ మీ సముదాయం పేరు అడుగుతారు. వైద్యం కోసమే అడుగుతారు, తప్పుగా అనుకోవద్దు.

టెస్ట్ బిడ్డకు చేశారు కదా, మా ఇద్దరి రక్తం ఎందుకు? ముంబైలో ఉన్న మా అన్న రక్తం కూడా కావాలంటున్నారు.

వీయూఎస్‌ను తేల్చే దారుల్లో చవకైనదీ, బలమైనదీ ఇదే. నా మాట వింటే ఇంకో కొత్త టెస్ట్‌కు డబ్బు కట్టే ముందు ఇది చేయించండి.

బిడ్డకు పుట్టుకతో వచ్చిన తీవ్రమైన సమస్య ఉంది, ఆ జబ్బుకు ఒక్క ప్రతి చెడినా చాలు అనుకుందాం. అదే మార్పు పూర్తి ఆరోగ్యంగా ఉన్న నాన్నకూ ఉంటే, దాని మీద అనుమానం బాగా తగ్గుతుంది. అమ్మానాన్నలిద్దరిలో ఎవరికీ లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టిన మార్పైతే అనుమానం పెరుగుతుంది. రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు మార్పులు ఉన్నప్పుడు, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వచ్చిందని రుజువు కావాలి. రెండూ ఒకరి నుంచే వస్తే లెక్క మారిపోతుంది.

అన్నకు కూడా అదే జబ్బు ఉంటే ఆయన రక్తం చాలా విలువైనది. జబ్బున్న బంధువులు ఎంతమంది పరీక్షకు వస్తే ఆధారం అంత గట్టిపడుతుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయిన వాళ్లు ఇందుకోసం హైదరాబాద్ రానక్కర్లేదు. చాలా ల్యాబ్‌లు అక్కడే శాంపిల్ తీసుకుని పంపిస్తాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మొత్తం పరీక్ష మళ్లీ చేయక్కర్లేదు, ఆ ఒక్క మార్పు ఉందా లేదా చూస్తే చాలు. దానికి ఖర్చు తక్కువ, కొన్ని ల్యాబ్‌లు తల్లిదండ్రులకు ఉచితంగానే చేస్తాయి.

జబ్బు లేని చిన్నపిల్లలకు మాత్రం ‘చూద్దాం’ అని వీయూఎస్ పరీక్ష చేయించొద్దు. వచ్చే ఫలితంతో చేసేదేమీ ఉండదు, టెన్షన్ మాత్రం జీవితాంతం ఉంటుంది.

కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘డ్యామేజింగ్’ అని చెప్పిందని రిపోర్ట్‌లో ఉంది. అది చాలదా?

చాలదు. 2023లో వచ్చిన ఆల్ఫామిస్సెన్స్‌తో సహా ఈ ప్రోగ్రామ్‌లు చేసేది అంచనా వేయడమే. తూకంలో అదొక ఆధారం, అదే తీర్పు కాదు.

మాది మర్రిగూడ వైపు. బిడ్డ కాళ్లు వంకర తిరిగితే అందరూ ఫ్లోరైడ్ నీళ్లే అన్నారు. ఇప్పుడు ఫెక్స్ జన్యువులో వీయూఎస్ అంటున్నారు. ఏది నమ్మాలి?

ఈ ప్రశ్న నల్లగొండ వాళ్లే అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎన్ని ఎముకలను వంచిందో చెప్పక్కర్లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన ప్రమాణాలు చెబుతాయి. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక పుట్టి, ఆ నీళ్లే తాగి పెరిగిన బిడ్డకు కాళ్లు వంగితే, వేరే కారణం వెతకడం తప్పనిసరి. ఇంట్లో పెద్దలకు ఫ్లోరోసిస్ ఉందని బిడ్డకూ అదే అనుకుంటే, మందు ఉన్న జబ్బు చేజారిపోవచ్చు. ఆ భయంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫెక్స్ జన్యువు చెడితే మూత్రంలో ఫాస్ఫేట్ పోతూ ఉంటుంది, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గుతుంది, ఎముకలు మెత్తబడి వంగుతాయి. కాబట్టి వీయూఎస్ మీద వాదించుకునే ముందు రక్తంలో ఫాస్ఫేట్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, మూత్రంలో ఫాస్ఫేట్ చూడాలి, ఎక్స్‌రే తీయాలి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తరచుగా దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. మూత్రంలో ఫ్లోరైడ్ కూడా కొలవొచ్చు. ఫాస్ఫేట్ బాగా తక్కువగా ఉండి, తండ్రికీ ఇలాగే ఉండి, ఆయన కూతుళ్లందరికీ వచ్చి కొడుకులకు రాకపోతే, అది ఫెక్స్ జన్యువు నడిచే దారి. అప్పుడు వీయూఎస్ అని రాసి ఉన్నా, లక్షణాలను, రక్త పరీక్షలను బట్టి డాక్టర్లు వైద్యం మొదలుపెట్టొచ్చు. ఫాస్ఫేట్ ఎప్పుడు చూసినా మామూలుగానే ఉంటే ఆ వీయూఎస్‌ను అంతగా పట్టించుకోనక్కర్లేదు.

విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు), గాషే జబ్బు (ఒక ఎంజైమ్ లోపం వల్ల వచ్చే జబ్బు) లాంటి వాటిలోనూ ఇంతే. రాగి పరీక్షలు, కంటి పరీక్ష, ఎంజైమ్ పరీక్ష చెప్పే మాట చాలాసార్లు జన్యు రిపోర్ట్ కన్నా సూటిగా ఉంటుంది.

అమ్మకు రొమ్ము క్యాన్సర్. నాకు బీఆర్‌సీఏ2 అనే క్యాన్సర్ జన్యువులో వీయూఎస్. అండాశయాలు తీయించుకోమని చుట్టాలు చెబుతున్నారు.

వీయూఎస్‌ను చూసి ఆపరేషన్ చేయించుకోవద్దు. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇదే చెబుతాయి. మీకు ఎంత జాగ్రత్త కావాలో నిర్ణయించేది మీ కుటుంబ చరిత్ర. అమ్మకు ఏ వయసులో వచ్చింది, అమ్మమ్మకో పిన్నికో కూడా వచ్చిందా అన్నది చూసి మామోగ్రామ్, ఎంఆర్ఐ ఎప్పటి నుంచి చేయించాలో డాక్టరు చెబుతారు.

వీలైతే మొదట పరీక్ష చేయాల్సింది క్యాన్సర్ వచ్చిన మనిషికే. అమ్మ ఉంటే అమ్మకు చేయించండి. అమ్మకు లేని వీయూఎస్ మీకు నాన్న నుంచి వచ్చి ఉంటే, అమ్మ క్యాన్సర్‌కు దానితో సంబంధం లేదు.

ధైర్యం కోసం ఒక లెక్క. వంశపారంపర్య క్యాన్సర్ జన్యువులను పరీక్షించే ఒక అమెరికన్ ల్యాబ్ డేటాతో 2018లో వచ్చిన అధ్యయనంలో, తర్వాత మెట్టు మారిన వీయూఎస్‌లలో సుమారు 91 శాతం హాని లేని వైపే దిగాయి. అదే ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు బీఆర్‌సీఏ1లో దాదాపు 3,900 మార్పులను ఒక్కొక్కటిగా కణాల్లో పెట్టి, ఏది ప్రొటీన్‌ను చెడగొడుతుందో చూశారు. ఇలాంటి పనుల వల్లే వాయిదాలో ఉన్నవి తేలుతున్నాయి.

నాలుగో నెల. మొదటి బాబుకు వచ్చిన వీయూఎస్ కడుపులో బిడ్డకూ ఉందేమో ఉమ్మనీరు తీసి చూడొచ్చా?

సాధారణంగా వీయూఎస్ కోసం గర్భంలో పరీక్ష చేయరు, చేయకూడదు. ఉందని తెలిస్తే ఏం చేస్తారు? హాని చేస్తుందో లేదో తెలియని మార్పు కోసం బిడ్డను పోగొట్టుకోవడం ఎంత అన్యాయం! లేదని తెలిసినా ధీమా రాదు, అసలు కారణం ఇంకో జన్యువులో ఉండొచ్చు.

అందుకే రెండో గర్భానికి ముందే రండి అని బతిమాలుతుంటాను. బాబు వీయూఎస్‌ను తేల్చడానికి నెలలు పడుతుంది, గర్భం ఆగదు. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టం కొన్ని వర్గాల మహిళలకు 24 వారాల వరకు గర్భస్రావానికి అనుమతిస్తుంది. ఆ గడువు దాటితే, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు చెప్పాలి. గర్భం వచ్చాక వస్తే ఈ గడువుల మధ్య పరుగెత్తాల్సి వస్తుంది.

పిల్లకు సంబంధం కుదిరింది. వీయూఎస్ సంగతి చెప్పాలా?

జబ్బు ఉంటే చెప్పాలి. జబ్బేమీ లేకుండా రిపోర్ట్‌లో వీయూఎస్ ఒక్కటే ఉంటే, చాటింపు వేయాల్సిన విషయం కాదని నా అభిప్రాయం. కానీ కుదిరింది మేనబావతో అయితే, కుటుంబంలో ఆ జబ్బున్న మనిషి ఉంటే, పెళ్లికి ముందు ఇద్దరూ కౌన్సెలింగ్‌కు రావాలి.

రెండు ల్యాబ్‌లు రెండు రకాలుగా రాశాయి. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాకపోవచ్చు. ఒక ల్యాబ్ దగ్గర అదే మార్పున్న ఇంకో కుటుంబం రికార్డు ఉండొచ్చు, రెండో ల్యాబ్‌కు అది తెలియదు. ఈ ఇబ్బంది తీర్చడానికే ల్యాబ్‌లు తమ నిర్ణయాలను బహిరంగంగా పెట్టే క్లిన్‌వార్ అనే డేటాబేస్ ఉంది. అందులో ఎవరైనా చూడొచ్చు. అయితే ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ ఆధారంతో రాశారో చూడకుండా మాట మాత్రమే చదివితే ఇంకా గందరగోళం అవుతుంది. రెండు రిపోర్టులూ తీసుకుని జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇది ఎప్పుడు తేలుతుంది? మారితే మాకు ఎవరు చెబుతారు?

కొన్ని నెలల్లో తేలుతాయి, కొన్ని ఏళ్ల తర్వాత కూడా తేలవు. ల్యాబ్ మీకు ఫోన్ చేస్తుందన్న భరోసాతో ఉండొద్దు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మీరే అడగండి. బిడ్డకు కొత్త లక్షణం కనిపించినా, ఇంట్లో ఇంకొకరికి జబ్బు బయటపడినా వెంటనే అడగండి.

రిపోర్ట్ ఒరిజినల్, దాని కాపీ, ఫోన్‌లో ఫొటో మూడూ ఉంచుకోండి. వీలైతే ల్యాబ్ నుంచి పరీక్ష తాలూకు డేటా ఫైళ్లు కూడా తీసుకోండి. ఆ ఫైళ్లు ఉంటే కొత్తగా రక్తం ఇవ్వకుండానే మళ్లీ విశ్లేషణ చేయొచ్చు.

ఎక్కడికి పోవాలి? ఏం తీసుకుపోవాలి?

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలు, పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021 కింద ఈ రెండూ కలిసి ఒక ‘సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్’, అంటే అరుదైన వ్యాధులకు గుర్తింపు పొందిన కేంద్రం. ఆ విధానంలో చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది, కానీ దానికి జబ్బు నిర్ధారణ కావాలి. వీయూఎస్‌ను తేల్చుకోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ కూడా తెలుస్తుంది.

పాత రిపోర్టులన్నీ, ఎక్స్‌రేలు, స్కాన్‌లు తీసుకెళ్లండి. నడక ఇబ్బందైతే బిడ్డ నడిచే వీడియో పట్టుకెళ్లండి. తాత, అవ్వల తరం వరకు ఎవరికి ఏ జబ్బు, ఎవరు చిన్నతనంలో పోయారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఆ వివరాలు చాలాసార్లు అత్తకే, నాయనమ్మకే తెలుస్తాయి, కుదిరితే ఆమెనే వెంట తీసుకెళ్లండి.

మా బాబు బతికి లేడు. ఇప్పుడు ఆ రిపోర్ట్‌తో పనేముంది?

మీకు ఇంకో బిడ్డ కావాలన్నా, మీ తోబుట్టువులకు పిల్లలు పుట్టబోతున్నా పని ఉంది. బాబు డీఎన్‌ఏ ల్యాబ్‌లో ఇంకా నిల్వ ఉందేమో వెంటనే అడగండి, పారేయొద్దని రాతపూర్వకంగా కోరండి. అన్ని ల్యాబ్‌లూ శాంపిల్‌ను ఎక్కువ కాలం ఉంచవు. డీఎన్‌ఏ లేకపోయినా పాత డేటా ఫైళ్లు, ఆస్పత్రి కేస్ షీట్, మీ ఇద్దరి రక్తం ఉంటే చాలావరకు పని జరుగుతుంది. కేస్ షీట్ కోసం ఆస్పత్రి రికార్డు సెక్షన్‌లో బాబు పేరు, అడ్మిషన్ నంబరు రాసి దరఖాస్తు ఇవ్వండి.